రెండో తాళంచెవి

జూన్ 3

తమ్ముడూ,

నీ వినికిడి ఎలా ఉందని అడగడం మానేశాను. మరమగ్గాల మధ్య పదిహేనేళ్లు నిలబడ్డవాణ్ణి అడిగేదేముంది! ఫోను చేస్తే నేను ఒకటంటే నువ్వు ఇంకోటి వింటావు, మధ్యలో మరదలు దుబాసీ పని చెయ్యాలి. ఈ సంగతి మరదలి నోటిగుండా నీకు చేరడం నాకిష్టం లేదు. అందుకే ఎప్పటిలాగే కాగితం.

మొన్న సోమవారం సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చాను. తలుపుకి తాళం వేసినట్టే ఉంది. తీసి లోపలికెళ్తే కుర్చీ కిటికీ దగ్గరుంది. బయటికెళ్లేటప్పుడు కుర్చీని బల్ల కిందికి తోసి వెళ్లడం నాన్న నాకు అంటించిన రోగమని నీకు తెలుసు. బల్ల మీద గ్లాసులో అడుగున కాసిని నీళ్లు. మంచం మీద దుప్పటి ఒక పక్క నలిగి ఉంది, ఎవరో కూర్చుని లేచినట్టు. వెంటనే బీరువా తీశాను. గొలుసుంది, గాజులున్నాయి, అమ్మ ఉంగరం ఉంది. ఏమీ పోలేదు.

ఏదైనా పోయుంటే ఒక రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని. దొంగ వచ్చాడు, పట్టుకుపోయాడు, పీడ విరగడైంది అనుకునేదాన్ని. ఏమీ తీసుకోకుండా, నా గ్లాసులో నీళ్లు తాగి, నా మంచం మీద కూర్చుని వెళ్లినవాడు దేనికొచ్చినట్టు? పోలీసులకి చెప్పాను. ఏం పోయిందన్నారు. ఏమీ పోలేదన్నాను. అయితే రాసుకోవడానికి మా దగ్గర గడి లేదమ్మా అన్నారు.

తాళం ఊడదీసి కొట్టుకి పట్టుకెళ్లి, విప్పి, భూతద్దం పెట్టి చూశాను. దొంగ పనిముట్టు పెట్టి తిప్పితే లోపల పిన్నుల మీద గీతలు పడి తీరతాయి, ఎంత తేలిక చెయ్యైనా సరే. ఒక్క గీత లేదు. అది నాన్న చేసిన ఆఖరి తాళం. మీ బావని బయటికి పంపిన రోజున నా చేత్తో నేనే తలుపుకి బిగించాను. దానికి రెండే తాళంచెవులు. ఒకటి నా నడుముకుంది, రెండోది నీ దగ్గరుంది. ఒక తాళంచెవి ఇంటి మనిషికి, రెండోది ఆ మనిషి ప్రాణంలా నమ్మినవాళ్లకి అని కదా మన ఇంట్లో కట్టడి. అంచేత తాళంచెవితో తీశారనుకోవడానికి లేదు.

అంటే గీత పడకుండా నాన్న తాళం తియ్యగల మొనగాడు ఒకడు ఈ ఊళ్లో తిరుగుతున్నాడన్నమాట. అలాంటివాడి ముందు నేను చేసే తాళం ఏ మూలకి? ఇరవై రెండేళ్లుగా "ఇక నిశ్చింతగా పడుకోండి" అని ఊరందరికీ తాళాలమ్మాను. ఇప్పుడు నా ఇంట్లో నాకు కునుకు పట్టడం లేదు.

తుపాకీ కొనాలనుకుంటున్నాను. నవ్వకు. లైసెన్సు కాగితాలతో పాటు రక్తసంబంధం ఉన్నవాళ్లొకరు "ఈమెకి ఇవ్వవచ్చు" అని రాసి సంతకం పెట్టి పంపాలట. నాకున్నది నువ్వొక్కడివే. ఆఫీసు చిరునామా వెనకవైపు రాశాను.

చిన్నదానికి ముద్దులు. మరదలికి మాత్రం చెప్పకు, బెంగపెట్టుకుంటుంది.

నీ అక్క


జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం మిల్లు గేటు దగ్గరే చింపి చదివాను. ఆ పూట రెండు మగ్గాల మీద దారం తెగినా చూసుకోలేదు, అందరూ తిట్టారు. తిట్లు వినపడకపోవడం ఒక్కటే నాకు దేవుడిచ్చిన సుఖం.

తుపాకీ మాటెత్తావు కాబట్టి మా మిల్లు వాచ్‌మన్ కథ చెబుతాను. పదకొండేళ్లు ఆయన భుజాన తుపాకీ వేలాడింది. పదకొండేళ్లలో ఒక్క దొంగ మొహం చూడలేదది. ఒకనాడు పెరట్లో ఏదో కదిలితే కాల్చాడు. కదిలింది ఆయన బామ్మర్ది. పాపం, ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, మాటల్లేవు. తుపాకీకి చుట్టమూ తెలీదు, దొంగా తెలీదక్కా.

ఇంకో సంగతి. దాన్ని ఎక్కడ పెడతావు? చేతికందేలా పెడితే వచ్చినవాడికీ అందుతుంది. తాళం వేసి పెడితే అవసరానికి నీకే అందదు. తాళాలు చేసేదానివి, నేను చెప్పాలా?

కోపం తెచ్చుకోనంటే ఒక మాట. పనిలో అలసిపోయి ఆ కుర్చీ నువ్వే అటు జరిపి మర్చిపోయావేమో. నిద్ర లేకపోతే మనిషికి లేనిపోనివి తోస్తాయి. కొన్నాళ్లు మా దగ్గరికి వచ్చెయ్. చిన్నది నీ మంచం పక్కనే తన బొమ్మలన్నిటినీ కాపలా పెడతానంటోంది.

రెండో తాళంచెవి గురించి బెంగ వద్దు. ట్రంకుపెట్టెలో నాన్న కళ్లజోడు పక్కనే భద్రంగా ఉంది. నువ్వు తుపాకీ అనే కూర్చుంటే నేనేం చేస్తాను, రాసి పంపిస్తాలే.

నీ తమ్ముడు


జూన్ 20

ఒరేయ్ తమ్ముడూ,

కుర్చీ నేనే జరిపానా! నా మతి పోయిందని తిన్నగా అనడానికి నోరు రాక కుర్చీ మీద పెట్టావు. పోనీలే, సంతకం పెడతానన్నావు కాబట్టి మన్నించాను.

తుపాకుల కొట్టుకి వెళ్లొచ్చాను. అద్దాల బీరువాలో వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. కొట్టాయన సోడాబుడ్డి కళ్లద్దాల ముసలాయన. ఆయనకి కనపడేది నేనో నా వెనక గోడో చెప్పలేం. చిన్నది ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, "ఇది ఇంట్లో ఉంటే ఇంట్లో మగాడున్నట్టేనమ్మా" అన్నాడు. "ఇంట్లో మగాడున్నప్పుడే నా మణికట్టు విరిగిందండీ, ఇంకేదైనా చెప్పండి" అన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత మర్యాదగా స్టూలు వేశాడు.

విప్పి చూపించమని అడిగాను. లోపల స్ప్రింగు, పిన్ను, మీట. అంతా మన సామానే! తాళం రానివ్వకుండా ఆపుతుంది, ఇది వచ్చేశాక ఆపుతుంది, అంతే తేడా. నువ్వు రాసిన వాచ్‌మన్ కథ మొత్తం ఆయనకి చెప్పాను. "నిజమేనమ్మా, నా దగ్గర కొన్నవాళ్లలో దొంగని కాల్చానని వచ్చి చెప్పినవాడు ఇంతవరకూ లేడు" అన్నాడు. అమ్ముకునేవాడు అంత నిజం చెబితే నాకే జాలేసింది.

నువ్వు చెప్పినవన్నీ నేనూ ఆలోచించాను తమ్ముడూ. చెయ్యి వణకొచ్చు, ఎవరికో తగలొచ్చు. కానీ ఆ మంచం మీద నలిగిన దుప్పటి నువ్వు చూడలేదు. నేను రోజూ ఆ పక్కనే పడుకోవాలి. మీ బావని పంపేశాక ఈ ఇల్లు నాదని మొదటిసారి అనిపించింది. ఆ అనిపించడాన్ని ఎవరో వచ్చి తొక్కేశారు. వాడి కాళ్ల మీద కాల్చినా చాలు, అది నాకు తిరిగొస్తుందనిపిస్తోంది.

ప్రస్తుతానికి నాన్న తాళమే మళ్లీ బిగించి, లోపల గొలుసు ఒకటి వేశాను. నువ్వు పంపే కాగితం కోసం చూస్తున్నాను.

అక్క


జూన్ 29

అక్కా,

లైసెన్సు ఆఫీసుకి ఉత్తరం రాసి నిన్ననే పంపించాను. నీ మంచి కోరే రాశాను.

నువ్వింక భయపడకు. ఇక మీదట ఎవరూ రారు. ఇది నా మాట. తలుపేసుకుని హాయిగా పడుకో. తుపాకీ వచ్చినా రాకపోయినా నీకేమీ కాదు.

చిన్నదానికి ముందు పళ్లు రెండూ ఊడాయి, నవ్వితే అచ్చం నాన్నలా ఉంటోంది. షిఫ్టుకి వేళవుతోంది.

తమ్ముడు


జూలై 8

తమ్ముడూ,

మళ్లీ వచ్చాడు.

శుక్రవారం ఒళ్లు వెచ్చగా ఉండి కొట్టు తియ్యలేదు. మిట్టమధ్యాహ్నం. నీళ్లు కాగబెట్టుకుంటుంటే తాళం తిరిగిన చప్పుడైంది. నాన్న తాళం ఎలా తిరుగుతుందో నాకు తెలియదా! రెండు చిన్న టకటకలు, తర్వాత ఒక నిట్టూర్పు. ఏ పనిముట్టూ అంత మెత్తగా తిప్పలేదు. అది తాళంచెవే. తలుపు నాలుగు వేళ్ల మందం తెరుచుకుని గొలుసుకి తగిలి ఆగింది. ఆ సందులోంచి చెయ్యి లోపలికొచ్చి గొలుసు కోసం తడుముకుంది.

పద్దెనిమిదేళ్లు ఆ చేతికి వడ్డించాను. పద్దెనిమిదేళ్లు ఆ చేతిని తప్పించుకున్నాను. ఆ వేళ్లు గుర్తుపట్టడానికి నాకు మొహం అక్కర్లేదు. మీ బావే.

కాగుతున్న నీళ్లు గిన్నెతో సహా విసిరాను. అరుపు వినపడింది, మెట్ల మీద పరుగు వినపడింది. పై వాటాలో ఉండే నర్సు దిగొచ్చి, నేను గొలుసు తీసేదాకా బయటే నిలబడి మాట్లాడుతూనే ఉంది. అప్పుడు నా చేతిలో తుపాకీ ఉంటే ఆ చేతి వెనకున్న మనిషిని కాల్చేసి ఉండేదాన్ని. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ పూటే తలుపుకి ఇంకో తాళం తగిలించి, ఇల్లంతా మళ్లీ వెతికాను. ఈసారి నగలు కాదు, కాగితాలు. నా మణికట్టు విరిగినప్పటి ఆసుపత్రి చీటీ, ఎక్స్‌రే, డాక్టరు రాసిచ్చిన కాగితం, అన్నీ ఉన్న పచ్చ ఫైలు లేదు. మొదటిసారి వచ్చింది దానికే. అది చూపించి కదా మీ బావ నా గడప తొక్కకుండా కోర్టులో ఉత్తర్వు అడుగుదామనుకున్నాను! వాయిదా వచ్చే నెలలోనే.

ఒక్కటే అంతుపట్టడం లేదు. తాళం మార్చింది మీ బావని పంపేశాక. మరి తాళంచెవి ఎలా వచ్చింది? మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చాడా? నువ్వు షిఫ్టులో ఉండగా పెట్టె తీసి సబ్బు మీద అచ్చు తీసుకున్నాడేమో, మరదల్ని గట్టిగా అడుగు. నీ దగ్గరున్న తాళంచెవి వెంటనే పోస్టులో పంపు. అచ్చు తీస్తే పళ్ల మధ్య సబ్బు ఇరుక్కుంటుంది, చూడగానే చెప్పేస్తాను.

నువ్వొక్కడివీ నాకు లేకపోతే నేనేమైపోయేదాన్నో.

అక్క


జూలై 15

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నీ మరదల్ని అడిగాను, తనకేమీ తెలియదంది. దాన్నేమీ అనుకోకు.

అడిగిన తాళంచెవి దూదిలో చుట్టి పంపుతున్నాను. అచ్చూ గిచ్చూ ఎవరూ తియ్యలేదు. పెట్టెలోంచి కదల్లేదు.

జాగ్రత్తగా ఉండు.

తమ్ముడు


జూలై 22

తాళంచెవి అందింది.

నాన్నది ఎడమచేతివాటం. ఆయన ఆకురాయి పట్టిన ప్రతి తాళంచెవి పళ్ల మీదా గీతలు ఎడమకి వాలి ఉంటాయి. నా నడుముకున్నదాని మీద అలాగే ఉన్నాయి. నువ్వు పంపినదాని మీద ఏ చేతి గీతలూ లేవు. మిషను మీద రెండు నిమిషాల్లో కోసి ఇచ్చినది. అంచుల గరుకు కూడా పోలేదు, ఇత్తడి కొత్త గిన్నెలా మెరుస్తోంది. నాన్న తాళంలో పెట్టి తిప్పితే సగంలో పట్టేసింది.

తాళాలపనివాడి కొడుకువి. తాళాలపనిదాని తమ్ముడివి. నాకు ఈ తాళంచెవి పంపడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా?

అది బల్ల మీద పెట్టి గంటసేపు చూశాను. నీ దగ్గర పోయిందేమో, పోయిందని చెప్పలేక ఇలా చేశావేమో అని నీ తరఫున నేనే వాదించుకున్నాను. మర్నాడు లైసెన్సు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఇరుకు గది, చెదలు పట్టిన కిటికీ. గుమాస్తా ఫైలు తీసి, మొహం అటు తిప్పుకుని, "మీ తమ్ముడుగారే వద్దన్నారమ్మా" అన్నాడు. నమ్మలేదు. చదివి వినిపించమన్నాను. చదివాడు.

"భర్త నుంచి విడిపోయినప్పటినుంచీ మా అక్కకు మనసు స్థిమితంగా లేదు. ఇంట్లోకి ఎవరో వస్తున్నారని ఊహించుకుంటోంది. భర్త మళ్లీ దగ్గరికొస్తే చంపేస్తానని నాతో అన్నది. తుపాకీ ఇవ్వవద్దని ప్రార్థన."

ఆ మాట నేనెక్కడ అన్నానో గుర్తుందా? ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద, కట్టు ఇంకా ఆరకముందు, నీ భుజం మీద తల పెట్టి. నీకు సరిగ్గా వినపడిందో లేదో అనుకున్నాను కూడా. బాగానే వినపడిందన్నమాట. ఇప్పుడది సర్కారు ముద్రతో ఒక ఫైల్లో ఉంది. రేపు మీ బావ తరఫు లాయరు దాన్ని బయటికి తీస్తే, ఆసుపత్రి కాగితాలు లేని నేను పిచ్చిదాన్ని, మీ బావ అమాయకుడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంటారే, అలా అయింది నా బతుకు. "ఇక మీదట ఎవరూ రారు, ఇది నా మాట" అని రాశావు. వచ్చేవాడెవరో తెలియనివాడు అంత గట్టిగా ఎలా రాశాడు?

జవాబు రాయి. మంచి కబుర్లు వద్దు.


జూలై 30

అక్కా,

దొంగకి తేలు కుట్టినట్టు ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇక దాచను.

మే నెలలో బావ మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు, గడ్డం పెరిగింది. వాళ్లమ్మ ఫోటో ఇంట్లో ఉండిపోయిందని, నిన్నడగడానికి మొహం చెల్లడం లేదని, నువ్వు కొట్లో ఉండగా వెళ్లి తెచ్చుకుని మర్నాడే తాళంచెవి ఇచ్చేస్తానని ఏడ్చాడు. నాకు ఈ ఉద్యోగం వేయించింది ఆయన. నాకు సైకిలు నేర్పింది ఆయన. ఇచ్చాను. ఎప్పటికైనా మీరిద్దరూ మళ్లీ కలుస్తారని నాకో పిచ్చి ఆశ కూడా ఉండేది.

నీ మొదటి ఉత్తరం చూడగానే అది ఆయన పనేనని తెలిసింది. పరుగెత్తుకెళ్లి తాళంచెవి అడిగాను. వెంటనే తీసి చేతిలో పెట్టాడు. అదే అసలుదనుకున్నాను. అందుకే ఇక ఎవరూ రారని అంత ధైర్యంగా రాశాను. నాకు నాన్న పని రాదు కదా, మిషను కోసిందో చెయ్యి కోసిందో నాకేం తెలుసు? నన్నూ మోసం చేశాడక్కా.

తుపాకీ సంగతంటావా, నాకు ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. వద్దని ఎంత చెప్పినా నువ్వు వినవు. నువ్వు కాలిస్తే ఆయన పోతాడు, నువ్వు జైలుకి పోతావు. అది ఆపాలనే అలా రాశాను. నీ మీద ప్రేమతోనే రాశాను, నమ్మినా నమ్మకపోయినా.

ఒక్క మనవి. కోర్టులో నా పేరు రానివ్వకు. మా మేనేజరు ఆయన స్నేహితుడు. ఉద్యోగం పోతే ఈ వినికిడితో నన్నెవరు పెట్టుకుంటారు? చిన్నదాని మొహం చూసైనా నన్ను మన్నించు.

నీ తమ్ముడు


ఆగస్టు 9

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవను.

తుపాకీ గురించి నువ్వు చెప్పింది నిజమే. దానికి చుట్టమూ దొంగా తెలియదన్నావు. కానీ చుట్టమెవరో దొంగెవరో తెలిసినవాడివి నువ్వు. అది నాకు చెప్పి ఉంటే నాకు తుపాకీయే అక్కర్లేదు. గుర్తు తెలియని మొనగాడికి భయపడి కదా నేను ఆ కొట్టు మెట్లెక్కింది! వచ్చింది మీ బావ అని ఒక్క ముక్క రాస్తే, ఆ పూటే తాళం మార్చుకునేదాన్ని. పావుగంట పని.

నా మంచం మీద కూర్చున్నదెవరో నా మొదటి ఉత్తరం చదివిన రోజే నీకు తెలుసు. తెలిసి, కుర్చీ నువ్వే జరిపావేమో అని రాశావు. తెలిసి, నన్ను అదే మంచం మీద నెల రోజులు పడుకోనిచ్చావు. నేను ఆయన్నేం చేస్తానో అని భయపడి ఆఫీసుకి ఉత్తరం రాశావు. ఆయన నన్నేం చేస్తాడో అని నీకు ఒక్క రాత్రైనా భయం వేసిందా? నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని వెతికాను. ఆ భయం ఎక్కడా కనపడలేదు.

నా చెయ్యి విరిచినవాణ్ణి నేను బయటికి పంపగలిగాను. నువ్వు విరిచింది ఎక్కడో చూపించడానికి ఎక్స్‌రే కూడా లేదు.

చిన్నదాని మొహం చూసి మన్నించమన్నావు. చిన్నదాన్ని నీ తప్పుకి అడ్డం పెట్టకు. అది నాకెప్పటికీ మేనకోడలే. బొమ్మల్ని కాపలా పెడతానన్నది మీ ఇంట్లో అదొక్కతే.

ఇక్కడి సంగతులు. పై వాటా నర్సు పనిచేసేది నన్ను చేర్చుకున్న ఆసుపత్రిలోనేనట. పాత రిజిస్టర్లు కిందిగదిలో కట్టలు కట్టి ఉన్నాయట, సెలవు రోజున వెళ్లి వెతుకుతోంది. ఇంకా దొరకలేదు. నాన్న తాళం తీసేసి కొట్లో పైఅరలో పెట్టాను. తలుపుకి నేను చేసినది బిగించాను. ఆకురాయి రెండుసార్లు పట్టాల్సి వచ్చింది, అయినా బాగానే వచ్చింది. మన ఇంటి కట్టడి మానలేదు, రెండు తాళంచెవులే చేశాను. రెండోది నర్సుకిచ్చాను. ఎందుకని అడగలేదు, మెళ్లో దారానికి కట్టుకుంది.

నువ్వు పంపిన ఇత్తడిది ఇందులో పెట్టి తిరిగి పంపుతున్నాను. నాన్న కళ్లజోడు పక్కన పెట్టుకో.

వాయిదా ఇరవై ఆరున, పదిన్నరకి. తాళంచెవి నేనే ఇచ్చాను, ఆ ఆఫీసుకి రాసింది అబద్ధం అని నువ్వొచ్చి చెబితే నాకు ఉత్తర్వు వస్తుంది. చెప్పకపోతే రాకపోవచ్చు. నీ ఉద్యోగమా, నా తలుపా అన్నది నువ్వే తేల్చుకో. నేను బతిమాలను.

వస్తే ముందురోజే రా. తలుపు కొట్టు. "ఎవరు?" అని లోపల్నుంచి అడుగుతాను. నీకు వినపడదని నాకు తెలుసు. అయినా జవాబు వచ్చేదాకా తియ్యను.

అక్క